మరియమ్మ నోటుబుక్కులో ‘మామూలు’

స్టూలు

మేడ్చల్‌లో నేను పనిలో చేరిన మొదటి రోజు నాకు స్టూలు వేశారు. ఆఫీసులో కుర్చీలు ఐదున్నాయి, అందులో రెండు ఖాళీ. అయినా నాకు స్టూలే. పదకొండేళ్ళు దాని మీదే కూర్చున్నాను. ఇప్పుడు నాకు అరవై నాలుగు. నడుం నొప్పి వచ్చినప్పుడల్లా ఆ రెండు ఖాళీ కుర్చీలు గుర్తొస్తాయి.

నేను చేసింది పన్నుల పని. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను రిటర్నులు వేయడం, నోటీసులు వస్తే జవాబులు రాయడం. మొదట ఒక ఆడిటరు దగ్గర, తర్వాత సొంతంగా, బస్టాండు వెనక ఒక చిన్న గదిలో. పోయిన ఏడాది ఆ గది షట్టరు దించేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కలిసినప్పుడు సెక్షన్ల గురించి అడుగుతారు. సెక్షన్ల నంబర్లు మారుతూనే ఉంటాయి. ఈ మధ్య చట్టమే కొత్తది వచ్చింది. నంబర్లు ఫోనులో దొరుకుతాయి. అక్కడ దొరకనిది ఇక్కడ రాస్తున్నాను.

మా ఆడిటరు పేరు మాత్రం రాయను. రాస్తే ఆయనకు ఇందులో ఒక కుర్చీ వేసినట్టవుతుంది. ఆయన నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. పార్టీలు, అంటే పని తెచ్చే వ్యాపారులు, వస్తే ‘మా రైటర్’ అనేవారు. నేను ఏదైనా చెప్పబోతే చెయ్యెత్తి ఆపేవారు.

చేరిన ఏడాదే ఒక సంగతి జరిగింది. ఒక కట్టెల డిపో వాళ్ళ నోటుబుక్కులో ప్రతివారం ‘రాజు’ అని రాసి, పక్కన అరవై రూపాయలు వేసి ఉంది. నేను ‘రాజు, వాచ్‌మన్, జీతం’ అని పద్దు రాశాను. డిపో యజమాని సంతకానికి వచ్చి కాగితం చదివాడు.

“రాజుకు జీతమా? రాజు మా కుక్క సార్!”

ఆడిటరుగారు కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. “మా రైటర్ కుక్కకు జీతం గట్టిండు. ఇడిసిపెడ్తే రేపు పీఎఫ్ గూడ కడ్తడు.”

ఆఫీసంతా నవ్వింది. నవ్విన నలుగురి పేర్లూ నాకు ఇప్పటికీ తెలుసు. నవ్వు ఆగాక ఆయన నా వైపు తిరిగి అన్నారు. “నోటుబుక్కుల మాట సమజ్ గాకపోతే, రాసిన చెయ్యినడుగు. నీ తలకాయనడగకు.”

కుక్క తిండి డిపో కాపలా ఖర్చు కిందికి వస్తుంది, ఆదాయంలోంచి తీసివేయొచ్చు. దాన్ని జీతమని రాయడమే తప్పు. ఆ రోజు జరిగిన అవమానాన్ని ముప్పై ఏళ్ళు భద్రంగా దాచుకున్నాను. దానితో పాటు ఆయన చెప్పిన మాటను దాచుకోలేదు. దాని ఖరీదు చివరికి నేను కట్టలేదు, గౌడవెల్లిలో ఒక ఆడమనిషి కట్టబోయింది. అదే చెప్పబోతున్నాను.

ఏదన్న జేసి తగ్గించుండ్రి

చిన్న వ్యాపారి గది లోపలికి వస్తూనే అనే మాట ఒకటే. “సార్, ఏదన్న జేసి తగ్గించుండ్రి.”

‘ఏదన్న జేసి’ అనే మాట వినగానే సంబరపడేవాళ్ళు ఈ వృత్తిలో ఉన్నారు. కట్టని అద్దె, తీసుకోని బీమా, ఇవ్వని చందా రాసి రిఫండు తెప్పిస్తారు, అందులో వాటా పుచ్చుకుంటారు. నోటీసు వచ్చేనాటికి వాళ్ళ ఫోను మోగదు. నోటీసు వచ్చేది వ్యాపారి ఇంటికే. నా దగ్గరి పార్టీలు కొందరు అలాంటివాళ్ళ దగ్గరికి పోయి, చేతులు కాలాక తిరిగి వచ్చారు. ఎవరు ఎన్నేళ్ళకు తిరిగొచ్చారో నా దగ్గర రాసి ఉంది. పని మాత్రం చేసిపెట్టాను.

నిజానికి పన్ను తగ్గడానికి అబద్ధం అక్కర్లేదు. చిన్నవాళ్ళు రాయాల్సిన ఖర్చులే రాయరు. శామీర్‌పేటలో మోటార్లు రీవైండింగ్ చేసే నర్సింలుతో నా మొదటి మాటలు ఇవి.

“పెట్రోలు ఎందుకు రాయలేదు నర్సింలూ?”

“అది నా బండి గద సార్.”

“బండి నీదే. పోయింది ఎవరి మోటరు కాడికి?”

“రైతులది.”

“మరి?”

“గట్లనా! గిన్నేండ్ల సంది ఒక్కడు చెప్పకపాయె!”

మరుసటి ఏడు పెట్రోలు చిట్టీలు దారానికి గుచ్చి దండలా తెచ్చాడు. అందులో అత్తగారింటికి పోయి వచ్చిన రోజు చిట్టీ కూడా ఉంది. ఇదేంటని అడిగితే, “ఆడ గూడ ఒక మోటరు జూసిన సార్” అన్నాడు. ఆ ఒక్కటి తీసేశాను. పోయేటప్పుడు ఆ చిట్టీని మడిచి జేబులో పెట్టుకున్నాడు, వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నిద్దామన్నట్టు.

పని మొత్తం ఇంతే. వ్యాపారం కోసం పెట్టింది ఒక పక్క, ఇంటి కోసం పెట్టింది ఒక పక్క. కొన్న యంత్రం విలువలో ఏటా తరుగుదల. ఒకరికి ఒకే రోజు పదివేలు దాటి నగదు ఇవ్వకపోవడం, ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. చిట్టీ పారేయకపోవడం. మిగతాదంతా ఎదుటి మనిషి చెప్పేది వినడం. ఆ వినడంలోనే నేను తప్పాను.

మరియమ్మ

మరియమ్మది గౌడవెల్లి. మొదట పదిమందికి క్యారేజీలు కట్టి ఫ్యాక్టరీ గేటు దగ్గర అమ్మేది. నా దగ్గరికి వచ్చేసరికి రెండు ఫ్యాక్టరీలకు రోజూ మధ్యాహ్నం భోజనాలు పంపుతోంది. నలుగురు ఆడవాళ్ళు ఆమె దగ్గర పని చేస్తున్నారు. భర్త ఏసోబు ఆటోలో గిన్నెలు చేరవేస్తాడు. మాట తక్కువ మనిషి. మాటల పని ఆమెదే.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది, “సార్, చర్చిల దశమభాగం ఇస్తం. గది రాసుకోవచ్చా?”

“మీ చర్చికి పన్ను మినహాయింపు రసీదు ఇచ్చే అనుమతి లేదమ్మా. రాయలేం.”

“మంచిదే సార్. దేవునికిచ్చినదానికి సర్కారు కాడ మళ్ల వాపస్ అడిగినట్టయితుండె.”

మొదటి రెండేళ్ళు పుస్తకాలేవీ చూపకుండా, వచ్చిన డబ్బులో చట్టం చెప్పినంత శాతం లాభమని ఒప్పుకుని రిటర్ను వేశాం. మూడో ఏడు ఆమె ఆవిరి వంటపాత్రలు, ట్రాలీ ఆటో కొన్నది. వాటి తరుగుదల తీసేస్తే అసలు లాభం ఆ శాతం కంటే తక్కువే. ఒకసారి ఆ పద్ధతి వదిలితే ఐదేళ్ళు మళ్ళీ దొరకదని చెప్పి, అయినా అసలు లెక్కలే చూపిద్దాం, ఆడిటు చేయిద్దాం అన్నది నేనే. సలహా మంచిదే. ఇప్పటికీ అదే చెబుతాను.

ఆమె లెక్కల పుస్తకం గీతలున్న పెద్ద నోటుబుక్కు. మొదటి పేజీ పైన చిన్న సిలువ. రోజుకు ఐదు వరసలు. బియ్యం, గ్యాసు, నూనె, చికెను, మామూలు.

మామూలు! ఒకరోజు పద్దెనిమిది వందలు, ఒకరోజు రెండు వేలు. భోజనాలు పెరిగిన రోజున అదీ పెరుగుతోంది. ఫ్యాక్టరీల్లో ప్లేటుకింత అని లాగే సూపర్‌వైజర్ల గురించి నేను విని ఉన్నాను. నా తలకాయ నాకు వెంటనే జవాబు చెప్పింది. ఈ అమ్మ రోజూ ఎవరికో లంచం ఇస్తోంది, అమాయకంగా పుస్తకంలో రాసుకుంటోంది.

లంచం ఖర్చుగా చెల్లదు. అది నాకు తెలుసు. అడిగితే అవునంటుంది, అవునంటే ఆ పద్దు తీసేయాలి. అడగకపోతే నాకు తెలియనట్టే. అడగకుండా దాన్ని ‘ఇతర వంట ఖర్చులు’ కింద వేశాను. ఆడిటు సంతకం చేసిన వేరే ఆడిటరూ అడగలేదు. ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా మనసులో కొంచెం నవ్వుకునేవాణ్ణి. దశమభాగం ఒక చేత్తో, మామూలు ఒక చేత్తో అని.

ఈ వృత్తిలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. అంకెల తప్పులు వందలు చేశాను, దిద్దాను. ఇది వేరే రకం.

నోటీసు

ఏడాది తర్వాత ఆమె రిటర్ను పరిశీలనకు ఎంపికైంది. ఇప్పుడు విచారణ అంతా కంప్యూటరు మీదే. అధికారి ఏ ఊళ్ళో ఉంటారో మనకు తెలియదు. పుస్తకాలు అడిగితే నోటుబుక్కు పేజీలన్నీ స్కాన్ చేసి పంపాను. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ‘మామూలు’ అన్న పద్దును ఎవరో అనువదించారు. చట్టవిరుద్ధ చెల్లింపు అని తేల్చి, ఏడాది మొత్తం ఐదు లక్షల పైచిలుకు ఖర్చును ఎందుకు కొట్టేయకూడదో వారంలో చెప్పమన్నారు.

అప్పుడే మూడో ఫ్యాక్టరీ వాళ్ళు మరియమ్మను రోజుకు మూడు వందల భోజనాలు అడిగారు. దానికి పెద్ద వంట షెడ్డు కావాలి, షెడ్డుకు బ్యాంకు రుణం కావాలి. ఆమె పేరు మీద పన్ను బాకీ ఉంటే ఫైలు కదలదని బ్యాంకు మేనేజరు ముందే చెప్పాడు. షెడ్డు లేకపోతే ఆర్డరు వేరేవాళ్ళకు పోతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు నెలాఖరులోగా చెప్పమన్నారు.

నేను ఆమెను పిలిపించాను. పిలిపించి అరిచాను.

“గిట్ల రాస్తరా ఎవరన్న? ఎవరికిస్తున్నవ్ మామూలు?”

ఆమెకు అర్థం కాలేదు. “ఎవరికిచ్చుడేంది సార్? ఫ్యాక్టరీ పిలగాండ్లకు.”

“పిలగాండ్లకా? సూపర్‌వైజర్‌కు గాదా?”

“సూపర్‌వైజర్ గూడ అదే తింటడు సార్.”

“తింటడు! అదే అడుగుతున్న! ఎంత తింటడు?”

“ఒక్క ప్లేటు!”

ఆమె మెల్లగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

“సార్, మా కాడ రెండు తీర్ల భోజనం. స్పెషల్ల చికెనుంటది. మామూల్ల పప్పు, చారు, ఒక కూర. పొద్దుగాల మార్కెట్ల మామూలు భోజనానికి కూరగాయలు, పప్పు, పెరుగు కొంట. గదే మామూలు. గింతే.”

ఆమె నోటీసు వైపు చూసింది, నా వైపు చూసింది. అప్పుడు ఆమెకు విషయం అర్థమైంది.

“నేను లంచమిచ్చేదాన్ననుకున్నరా సార్? యాడాది సంది గట్లనే అనుకుంట నాతోని మాట్లాడిండ్రా?”

“రాసింది గట్లుంది...”

“అడిగితే చెప్తుంటి గద!” అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “గా ఆఫీసరంటే యాడనో ఉన్నడు, మనిషిని సూడలె. మీరు ఎదురుంగ కూసున్నరు గద సార్.”

ఎవరు నన్ను ఎప్పుడు ఎలా చూశారో నేను లెక్కపెట్టుకుంటూ బతికాను. నేను ఎవరిని ఎలా చూశానో అన్న లెక్క నా దగ్గర లేదు. అది ఆమె దగ్గర ఉంది.

పండగనాడు సున్నా

క్షమించమని అనలేదు. ఆ మాట నా నోటికి అలవాటు లేదు. మర్నాడు పొద్దున బండి తీసుకుని గౌడవెల్లి వెళ్ళాను.

ముందు నా గుణం గురించి ఒక మాట. కరెంటు ఆఫీసుకు, బస్సు డిపోకు, బ్యాంకుకు, మా కాలనీ సంఘానికి నేను రాసిన ఫిర్యాదుల నకళ్ళు మా ఇంట్లో రెండు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వాటిని పాత పేపర్లతో పాటు అమ్మేయాలని మా ఆవిడ ఒకసారి ప్రయత్నించింది. అదీ నాకు గుర్తుంది. ఆ మొండితనం ఆ వారం పనికొచ్చింది. ముఖాముఖి వినమని వీడియో విచారణకు అర్జీ పెట్టాను. పన్ను శాఖ పోర్టల్ దాన్ని తీసుకోలేదు. తీసుకోలేదని ఫొటో తీసి ఫిర్యాదు పెట్టాను. జవాబు రాలేదు. జవాబు రాలేదని ఇంకో ఫిర్యాదు పెట్టాను. నాలుగో దానికి తేదీ ఇచ్చారు.

రెండు రోజులు ఆమె వంటగది బయట స్టూలు మీద కూర్చుని (మళ్ళీ స్టూలే) పేజీ పేజీ సరిచూశాను. ఫ్యాక్టరీ ఇచ్చే రోజువారీ చీటీలో ‘మామూలు 140, స్పెషల్ 35’ అని ఉంది. భోజనానికి ఇచ్చే ప్లాస్టిక్ టోకెన్లు ఉన్నాయి. పసుపుపచ్చ దాని మీద ‘మా’, ఎర్రదాని మీద ‘స్పె’. మార్కెట్ చిట్టీలు సగమే ఉన్నాయి. అదే నా దిగులు.

“సార్, గీ దినం సూడుండ్రి” అని మరియమ్మ ఒక పేజీ తెరిచింది. ఆయుధపూజ రోజు. ఫ్యాక్టరీలో యంత్రాలకు పూజ చేసి యజమాని అందరికీ స్పెషల్ భోజనం పెట్టించాడు. ఆ రోజు మామూలు వరసలో సున్నా ఉంది.

“అయితే?”

“మామూళ్లు గుంజేటోళ్లు పండుగకే గద ఎక్కువ గుంజుతరు? లంచమే అయితే గా దినం రెండింతలుండాలె. సున్నా ఎట్లుంటది?”

ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నాకు తట్టలేదు. ఆమెకు తట్టింది. ఆ ఏడాదిలో అలాంటి రోజులు మూడు దొరికాయి. మూడింటికీ ఫ్యాక్టరీ చీటీలు ఉన్నాయి.

విచారణ రోజున నా గదిలో కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. నలభై పేజీల జవాబు పంపి ఉన్నాను. “నువ్వేం మాట్లాడకు మరియమ్మా, నేను చెప్త” అన్నాను. తెర మీద అధికారి కనిపించారు. హిందీలో మాట్లాడారు. నేను నా ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఎనిమిదో పేజీ, పదకొండో పేజీ, జాబితా ‘బి’. ఆయన కాగితాలు తిప్పుతూ, “ఈ పదానికి అర్థం మాకు తెలుసు, దక్షిణాదిలో అందరికీ తెలిసిన పదమే” అన్నారు.

నేను మళ్ళీ ఏదో అనబోయాను. మరియమ్మ నోరు తెరిచింది. నా చెయ్యి ఆమెను ఆపడానికి గాలిలోకి లేచింది. ఆ చెయ్యి నాకు తెలుసు. పదకొండేళ్ళు నా మొహం ముందు లేచిన చెయ్యి అదే. దించేశాను.

ఆమె పసుపుపచ్చ టోకెను కెమెరాకు ఎదురుగా పట్టి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నేర్చుకున్న హిందీలో అంది.

“సాబ్, మామూల్ నై. మామూలీ! మామూలీ ఖానా. దాల్, చావల్, ఏక్ సబ్జీ. చికెన్ వాలా స్పెషల్, యే మామూలీ.”

తెర మీద మనిషి మొహం విప్పారింది. “అచ్ఛా... మామూలీ ఖానా!”

మామూలీ అంటే సాదా అని ఆయన భాషలో అందరికీ తెలిసిన మాట. నా నలభై పేజీల్లో ఆ ఒక్క మాట లేదు. తర్వాత ఆయనే పండగరోజు పేజీ అడిగి చూశారు, ఫ్యాక్టరీ చీటీతో సరిపోల్చారు. ఇరవై నిమిషాలు శ్రద్ధగా విన్నారు. అధికారుల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఈయన మీద ఒక్కటీ లేదు. అది కూడా రాయడం న్యాయం.

ఉత్తర్వు నెల తిరగకముందే వచ్చింది. మామూలు ఖర్చు మొత్తం ఒప్పుకున్నారు. గ్యాసు డీలరుకు ఒకేరోజు పదివేలు దాటి నగదు ఇచ్చిన రెండు బిల్లులు మాత్రం కొట్టేశారు. అది సరైనదే. దానికి పడ్డ చిన్న పన్ను మరియమ్మ ఆ రోజే కట్టేసింది. బ్యాంకు ఫైలు కదిలింది. ఫ్యాక్టరీ వాళ్ళు మరో రెండు వారాలు ఆగడానికి ఒప్పుకున్నారు.

కొత్త నోటుబుక్కు

ఆ తర్వాత ఆమెకు ఒక సలహా ఇచ్చాను. ‘మామూలు’ బదులు ‘కూరగాయలు, సరుకులు’ అని రాయమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

“మాట తప్పుగాదు సార్. మా గిన్నె మీద గూడ మామూలనే ఉంటది. కావాల్నంటే పక్కకు ‘తిండి’ అని రాస్త.”

ఇప్పుడు ‘మామూలు తిండి’ అని రాస్తోంది. కొత్త పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే. వ్యాపారి మాటను మార్చకండి. అర్థం అడిగి పక్కన రాసుకోండి. ఆయన దుకాణం ఆయన భాషలోనే నడుస్తుంది. మీ ఫారం భాషలోకి తేవడం మీ పని. దానికే మీకు ఫీజు. మా ఆడిటరు ఈ సంగతి నాకు మొదటి ఏడే చెప్పారు. చెప్పిన తీరును నేను క్షమించలేదు, క్షమించను. చెప్పింది మాత్రం నిజం.

షెడ్డు గౌడవెల్లి రోడ్డు మీద లేచింది. ప్రారంభం రోజున పాస్టరుగారు ప్రార్థన చేశారు. పనివాళ్ళు ఇప్పుడు పదకొండు మంది. వాళ్ళ జీతాలు బ్యాంకులోనే పడుతున్నాయి, సరుకుల చిట్టీలు నర్సింలువి లాగే దండకు ఎక్కుతున్నాయి. ప్రార్థన అయ్యాక మరియమ్మ నన్ను లోపలికి పిలిచింది. బల్లల ముందు అన్నీ స్టూళ్ళే. బ్యాంకు మేనేజరుకూ స్టూలే. నా చేతిలో టోకెను పెట్టింది. పసుపుపచ్చది.

“మేనేజరుకు ఎర్రది ఇచ్చినవ్ గద?” అన్నాను.

“ఆయన స్పెషల్ తినొచ్చు సార్. మీరు ముందుగాల మామూలు తినుండ్రి. ఏందో తెలుస్తది.”

ఏసోబు నవ్వాడు. అతను నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. నవ్వినవాళ్ళ పేర్లలో అతని పేరు రాసుకోలేదు.

తిన్నాను. పప్పు, చారు, బెండకాయ కూర. బాగుంది. అయినా ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్పాను. “పప్పుల ఉప్పు జర తక్కువైంది మరియమ్మా.”

ఆమె నడుముకు దోపుకున్న కలం తీసి, కొత్త నోటుబుక్కు తెరిచి ఏదో రాయడం మొదలుపెట్టింది. నేను తినడం ఆపాను.

“ఏం రాస్తున్నవమ్మా?” అని రాసే చెయ్యినే అడిగాను.

ఆమె నోటుబుక్కు నా వైపు తిప్పింది.

“సారుకు ఉప్పు ఎక్కువ గావాలె అని రాసిన. జర సదువుకోండ్రి సార్.”